పాత ఇత్తడి ఆవిరి ఇంజన్ మోడల్‌ని నడపొచ్చా, షోకేసులో పెట్టుకోవాల్సిందేనా?

నడపొచ్చండి. నడపాలి కూడా. మీరు రాసినదాన్ని బట్టి మీ చేతికొచ్చింది 1960ల నాటి జపాన్ తయారీ, హెచ్‌ఓ స్కేల్ (అసలు రైలులో 87వ వంతు) 2-8-0, అంటే ముందు రెండు చిన్న చక్రాలు, వాటి వెనక ఎనిమిది డ్రైవర్ చక్రాలు (ఇంజన్‌ని లాగే పెద్ద చక్రాలు) ఉన్న రకం. పెట్టె మీద పీఎఫ్ఎం, యునైటెడ్ అని ఉంది, పెయింట్ లేదు, పట్టాల మీద పెట్టగానే షార్ట్ అయి కంట్రోలర్ ఆగిపోతోంది, అమ్మినాయనేమో ఇవి చూసుకోడానికే అన్నాడు. ఆ మాట నేను ఒప్పుకోను. నేనుండేది సియాటిల్ వైపు, ఇక్కడి ట్రెయిన్ షోలలో నేను కొన్నవాటిలో చాలావరకు "నడవదు" అని చీటీ అంటించి పెట్టినవే, ఇప్పుడవన్నీ మా గరాజ్‌లో బరువు లాగుతున్నాయి.

పీఎఫ్ఎం అంటే పసిఫిక్ ఫాస్ట్ మెయిల్, ఇక్కడికి దగ్గర్లోని ఎడ్మండ్స్‌లో ఉండేది. వాళ్లు తయారుచేసేవాళ్లు కాదు, జపాన్‌లో చేయించి తెప్పించేవాళ్లు. మీ పెట్టె మీదున్న యునైటెడ్ అలా చేసిపెట్టిన జపాన్ కంపెనీ. వాళ్లకు చేసిపెట్టినవాటిలో పేరున్న టెన్‌షోడో అసలు టోక్యో గింజాలో గడియారాలు, నగలు అమ్మే దుకాణం, యుద్ధం తర్వాత జపాన్‌లో ఉన్న అమెరికన్ సైనికులు కొనుక్కోవడంతో వాళ్ల రైలు మోడళ్లకు గిరాకీ పెరిగింది. బాయిలర్, డోము, పైపులు అన్నీ ఇత్తడితో చేసి, ముక్క ముక్కా చేత్తో టంకం పెట్టి అతికించినవి ఇవి. కింద చాసిస్ మాత్రం స్క్రూలతో బిగించి ఉంటుంది, ఓ చిన్న స్క్రూడ్రైవర్‌తో మొత్తం విప్పి, కడిగి, మళ్లీ బిగించుకోవచ్చు. అందుకే అరవై ఏళ్ల తర్వాత కూడా వీటికి ప్రాణం పోయొచ్చు.

ఇక మీ షార్ట్ సంగతి. ఇంజన్ కుడి పట్టా నుంచి, టెండర్ (ఇంజన్ వెనకుండే బొగ్గు, నీళ్ల బండి) ఎడమ పట్టా నుంచి కరెంటు తీసుకుంటాయి, మధ్యలో కలిపేది డ్రాబార్ అనే కడ్డీ. ఒళ్లంతా ఇత్తడే కాబట్టి ఇంజన్ బాడీ ఒక ధ్రువం, టెండర్ బాడీ రెండో ధ్రువం, ఈ రెండూ డ్రాబార్ ఇన్సులేషన్ దాటి ఎక్కడ తగిలినా షార్టే. ముందు టెండర్ బోగీలు (దాని కింద చక్రాలుండే చట్రాలు) చూడండి. పాత యజమాని ఎవరో విప్పి ఒక బోగీని తిప్పి బిగించి ఉంటాడు, చాలాసార్లు జరిగేది ఇదే. మల్టీమీటర్ బీప్ మోడ్‌లో పెట్టి ఒక్కో చక్రానికీ ఫ్రేమ్‌కీ మధ్య చూడండి: ఇంజన్ డ్రైవర్ చక్రాల్లో ఎడమవైపువి, టెండర్‌లో కుడివైపువి మోగకూడదు. అవి సరిగ్గా ఉండి మలుపుల్లో మాత్రమే షార్ట్ అవుతుంటే, ముందు చిన్న చక్రాలు సిలిండర్లకు తగులుతున్నాయనో, క్యాబ్ అంచు టెండర్‌కి రాసుకుంటోందనో అర్థం. 18 అంగుళాల వ్యాసార్ధం ఉన్న మలుపు వీటిలో చాలావాటికి సరిపోదు, 24 అయినా ఉండాలి, పెద్ద ఇంజన్లకైతే 30 పైనే.

షార్ట్ పోయినా వెంటనే కరెంటు ఇవ్వకండి. మోటార్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉన్న రబ్బరు గొట్టం ఈపాటికి గట్టిపడిపోయి ఉంటుంది, అది తీసేసి చాసిస్‌ని వేలితో తోయండి. గేరు పట్టుకొని కదలకపోతే (వర్మ్ గేరు, అంటే మరలాంటి గేరు, సాధారణంగా చక్రాల వైపు నుంచి తిరగదు) గేర్‌బాక్స్ విప్పి, వర్మ్ తీసేసి మళ్లీ తోయండి; గడ్డకట్టిన పాత గ్రీజు తీసి, తిరిగి బిగించేటప్పుడు కొత్తది కొంచెమే పెట్టండి. చక్రం ఒక్కో చుట్టుకీ ఒకే చోట బిగుసుకుంటుంటే రాడ్ వంగి ఉండాలి, లేదా ఎడమ కుడి చక్రాల మధ్య ఉండాల్సిన 90 డిగ్రీల తేడా తప్పి ఉండాలి. ఇది సరిచెయ్యకుండా ఎంత మంచి మోటార్ వేసినా లాభం లేదు. అన్నీ తేలిగ్గా తిరిగాక కొత్త సిలికాన్ గొట్టం వేసి 12 వోల్టుల డీసీ మీద నెమ్మదిగా నడిపి చూడండి. పాత ఓపెన్ ఫ్రేమ్ మోటార్ల అయస్కాంతం బలం తగ్గి కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది. నేనైతే చిన్న క్యాన్ మోటార్ (డబ్బాలా మూసి ఉండే కొత్తరకం) వేసేస్తాను, పాతది మాత్రం పారెయ్యకుండా పెట్టెలో ఉంచుతాను. డీసీసీ (పట్టాల మీదుగా డిజిటల్ సంకేతాలతో ఇంజన్‌ని నడిపే పద్ధతి) డీకోడర్ పెట్టే ఆలోచన ఉంటే ఈ మార్పు తప్పదనే అనుకోండి, ఎందుకంటే పాత మోటార్‌లో సాధారణంగా ఒక బ్రష్ నేరుగా ఫ్రేమ్‌కి కలిసి ఉంటుంది, అలాగే కలిపితే డీకోడర్ కాలిపోతుంది.

మన ఇళ్లలో ఇత్తడి అనగానే చింతపండు గుర్తొస్తుంది. దయచేసి వద్దు. పైన ఉన్న పల్చటి పారదర్శక పూత పోతుంది, పులుపు సందుల్లో మిగిలిపోయి మళ్లీ కిలుం పడుతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. పెట్టెలోని పాత స్పాంజి జిగురుగా మారి పూతను తినేస్తుంది, దాన్ని ఈ రోజే తీసేయండి, పెట్టె మాత్రం భద్రం.

ధర పెరుగుతుందని మాత్రం కొనకండి. ప్లాస్టిక్, డైకాస్ట్ మోడళ్లు సౌండ్‌తో సహా ఇంత బాగా వస్తున్నాక మామూలు ఇత్తడి ఇంజన్ల ధరలు బాగా పడ్డాయి. నడుపుకునేవాళ్లకి ఇది మంచి కాలం, నిజంగా.

బోగీలన్నీ చూశాక కూడా షార్ట్ దొరక్కపోతే ఇంజన్‌నీ టెండర్‌నీ వెల్లకిలా తిప్పి ఫొటోలు పెట్టండి, చూసి చెప్తాను.