నీళ్లలో నిలబడి వాడిపోతున్న టమాటా

ప్రశ్న: వానలకు టమాటా చేలో రెండు రోజులుగా నీళ్లు నిలిచాయి. ఎండ రాగానే మొక్కలు తలలు వాల్చేశాయి. వేరులో నీటి తలుపులు మూసుకుపోతాయని ఒకరన్నారు. నిజమేనా? వాటిని తెరిచే మందు ఏదైనా ఉందా?

జవాబు: నిజమే. అయితే తెరిచే మందంటూ ఏదీ లేదు. ముందు సాళ్ల మధ్య కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి, మిగతాది వచ్చాక చదవండి.

వేరు పీల్చిన నీరు కాండంలోకి ఎక్కాలంటే కణాల పొరలను దాటాలి. ఆ పొరల్లో నీటి కోసమే ఉన్న సన్నటి ప్రొటీన్ గొట్టాలను ఆక్వాపోరిన్లు అంటారు. నీటి అణువులు వీటిలోంచి ఒకదాని వెనక ఒకటిగా వరసలో పోతాయి. అంత ఇరుకైనా ఒక్కో గొట్టంలోంచి సెకనుకు కోట్ల సంఖ్యలో దాటిపోతాయి. వీటిని కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. ఆయన మొదట చూసింది మొక్కలో కాదు, మనిషి ఎర్ర రక్తకణాల్లో!

ఇక మీ చేను సంగతి. వేరుకూ ఊపిరి కావాలి. ఆక్సిజన్ గాలిలో కదిలినంత వేగంగా నీటిలో కదల్లేదు, సుమారు పదివేల రెట్లు నెమ్మది. నీళ్లు నిలిస్తే వేరుకు ఊపిరాడదు, కణం లోపల ఆమ్లత్వం పెరుగుతుంది. గొట్టం లోపలి వైపు మూతిని ఆనుకుని ప్రొటీన్‌లోనే ఒక మడత ఉంటుంది. అందులో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం (ప్రొటీన్‌ను కట్టే ఇటుకల్లో ఒకటి) ఈ ఆమ్లత్వాన్ని పసిగడుతుంది. అది ఒక ప్రోటాన్‌ను, అంటే ఆమ్లత్వాన్ని కలిగించే హైడ్రోజన్ అయాన్‌ను, పట్టుకోగానే మడత మూతలా వచ్చి దారికి అడ్డుపడుతుంది. పాలకూర ప్రొటీన్‌లో ఈ మూత ఎలా పడుతుందో 2006లో శాస్త్రవేత్తలు చూపించారు. మబ్బు పట్టినన్నాళ్లూ ఆకులు పెద్దగా నీరు కోల్పోవు కాబట్టి లోటు తెలియదు. ఎండ కాయగానే పైన ఖర్చు పెరుగుతుంది, కింద రాబడి ఉండదు. అందుకే మీకు ఎండ వచ్చాకే మొక్కలు వాడిపోవడం కనిపించింది.

నీటి ఎద్దడిలోనూ ఇదే మూత పడుతుంది, కాకపోతే కారణం మరొకటి. గొట్టం తెరిచి ఉండాలంటే సెరిన్ అనే అమైనో ఆమ్లాల మీద ఫాస్ఫేట్ అతుక్కుని ఉండాలి. ఎద్దడిలో అది ఊడిపోతుంది, మూత పడుతుంది. ఉన్న నీటిని దాచుకోవడానికి మొక్క చేసే పని ఇది. పైకి చూస్తే రెండు రకాల వాడిపోవడమూ ఒకేలా ఉంటుంది, వైద్యం మాత్రం పూర్తిగా ఎదురు. వాడిందని మళ్లీ తడి పెట్టారో, ఉన్న కాస్త ఊపిరీ పోతుంది.

నీళ్లు తీశాక ఒక మొక్కను పీకి వేళ్లు చూడండి. తెల్లగా, గట్టిగా ఉంటే గాలి అందగానే మూతలు తెరుచుకుని మొక్క తేరుకుంటుంది. గోధుమ రంగుకు తిరిగి, వాసన వేస్తూ, పై తోలు జారిపోతుంటే దాని మీద ఆశ వదులుకోండి. బతికిన మొక్కలకు నేల ఆరాక పైపైన మట్టి గుల్ల చేయండి, లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. వేరు కోలుకునే దాకా ఆకు ద్వారా అందే ఆసరా అది.

నీళ్లు తీసేసినా వాడిపోవడం ఆగకుండా మొక్క తర్వాత మొక్క పడిపోతుంటే, ఒక కాండాన్ని మొదట్లో కోసి గ్లాసు మంచినీళ్లలో వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాల దారాల్లాంటివి దిగితే అది బాక్టీరియా వాడు తెగులు. అప్పుడు ఆ మొక్కలను పీకి చేను బయట తగలబెట్టండి, వాటి పాదుల్లోంచి పారిన నీళ్లు పక్క సాళ్లకు పోనీయకండి.