సమాధానం: డాలస్ పక్కన ఆర్వీ పార్క్‌ని బిల్డర్‌కి ఇవ్వాలా, పార్కుగానే అమ్మాలా?

అన్నగారూ, సెలైనా వైపు మీ ఆర్వీ పార్కుకి (బండి ఇళ్లు నిలుపుకోడానికి చోటు అద్దెకిచ్చే స్థలం) బిల్డర్ ఆఫర్ వచ్చింది, బ్రోకరేమో పార్కుగానే అమ్మమంటున్నాడు, ఏం చేయాలని అడిగారు. ముందు రెండు ధరలూ వేరువేరుగా లెక్కేయండి. పార్కుగా అయితే ఆదాయమే ధర: ఖర్చులు పోను ఏటా 3 లక్షల డాలర్లు మిగిలితే, 8 శాతం క్యాప్ రేటున (ధర మీద ఏటా వచ్చే రాబడి శాతం) 37.5 లక్షలు. నేలగా అయితే జోనింగ్ (ఆ నేలలో ఏం కట్టొచ్చన్న నిబంధన), సిటీ సీవర్ లైన్ ఎంత దూరం, వరద ముంపులో ఎంత పోతుంది అన్నవి చూస్తారు. సిటీ లైన్ లేక సొంత సెప్టిక్ ట్యాంకు మీద నడిచే స్థలమైతే బిల్డర్ ధరలో కోత పెడతాడు.

ఆఫర్‌లో అంకె కన్నా షరతులు ముందు చదవండి. జోనింగ్ మారాకే క్లోజింగ్ (డబ్బు కట్టి ఆస్తి రాయించుకోవడం) అని రాస్తారు. అది ఏడాది పట్టినా మీరు ఇంకొకరికి అమ్మలేరు. ఎర్నెస్ట్ మనీలో (బయానాలో) కొంత దశలవారీగా నాన్ రిఫండబుల్ అయ్యేలా, గడువు పొడిగిస్తే అదనంగా కట్టేలా రాయించండి. ఒప్పుకోకపోతే నేనైతే వదిలేస్తాను.

టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు గానీ ఫెడరల్ పన్ను గట్టిగానే తగులుతుంది. 1031 ఎక్స్ఛేంజ్ (అమ్మిన డబ్బుతో ఇంకో ఆస్తి కొని పన్ను వాయిదా వేసుకోవడం) ఆలోచన ఉంటే క్లోజింగ్‌కి ముందే ఆ డబ్బు పట్టి ఉంచే ఇంటర్మీడియరీని పెట్టుకోండి. డబ్బు మీ ఖాతాలో పడిందా, అంతే సంగతులు. క్లోజింగ్ అయిన 45 రోజుల్లో కొత్త ఆస్తిని ఎంచి రాసివ్వాలి, గరిష్ఠంగా 180 రోజుల్లో కొనేయాలి.

అన్నట్టు, నెలవారీగా ఉండేవాళ్ల లీజులు కాగితం మీద ఉన్నాయా? నోటిమాట అద్దెల్ని కొనేవాడి బ్యాంకు లెక్కలోకి తీసుకోవడం కష్టం.