నర్సరీలో పని, మొక్కల గురించి రచన

ప్రశ్న: నేను రెండేళ్లుగా ఆర్కిడ్లు మాత్రమే పెంచే నర్సరీలో పనిచేస్తున్నాను. మొక్కల గురించి వ్యాసాలు రాయాలని ఉంది. వృక్షశాస్త్రం చదవని నాకు ఆ అర్హత ఉందంటారా?

జవాబు: తప్పకుండా ఉంది. ఫెలనాప్సిస్ అనే ఆర్కిడ్ వేరును మీరు రోజూ చూస్తూనే ఉంటారు. ఎండినప్పుడు వెండి రంగులో ఉండే ఆ వేరు నీరు తగలగానే పచ్చబడుతుంది; దాన్ని చుట్టి ఉండే వెలమెన్ అనే స్పాంజిలాంటి పొర నీటిని పీల్చుకుని, లోపలి పత్రహరితాన్ని బయటికి కనబడనివ్వడమే ఇందుకు కారణం. 'తగినంత నీరు పోయండి' అనే కంటే, వేర్లు మళ్లీ వెండి రంగుకు తిరిగాక పోయమని రాస్తే పాఠకుల మొక్క బతుకుతుంది. నీరు చాలక చనిపోయిన ఆర్కిడ్ల కంటే, నీరెక్కువై వేర్లు కుళ్లి చనిపోయినవాటినే నేను ఎక్కువగా చూశాను.

శాస్త్రం కూడా పని వెంటే నేర్చుకోవచ్చు. ధూళి రేణువంత ఉండే ఆర్కిడ్ విత్తనంలో ఆహార నిల్వ దాదాపు ఉండదు కాబట్టి, ప్రకృతిలో అది శిలీంధ్రం తోడుంటేనే మొలకెత్తి ఎదుగుతుంది. ఆ తోడు లేకుండానే చక్కెర, లవణాలు కలిపిన అగర్ అనే జెల్లీలాంటి పదార్థంపై మొలిపించవచ్చని అమెరికా వృక్షశాస్త్రవేత్త లూయిస్ నడ్సన్ 1922లో చూపారు. మీ నర్సరీలోని సీసా మొలకల వెనుక ఉన్న కథ ఇదే, మీ మొదటి వ్యాసానికి ఇంతకంటే మంచి వస్తువు నాకు తోచడం లేదు.

పేర్ల విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు), జాతి, సంకర రకం (రెండు వేర్వేరు మొక్కల్ని కలిపి పుట్టించినది) అన్న తేడా చెరిగితే సలహా అంతా తప్పుదారి పడుతుంది. కుండీ మార్చిన తేదీ, కొత్త వేరు కనిపించిన రోజు, చనిపోయిన మొక్క వివరాలు ఏ రోజుకారోజు నోటుబుక్కులో రాసుకోండి.