మార్పు చేప గట్టెక్కి ఎలా బతుకుతుంది?

ప్రశ్న: తొలకరి వాన కురిసిన రాత్రి మా వరిచేను గట్టు మీద పాకుతూ ఒక మార్పు చేప దొరికింది. బకెట్లో జానెడు నీళ్లలో ఉంచితే రెండు రోజులైనా చావలేదు. మధ్యమధ్య పైకి వచ్చి నోరు తెరిచి, మళ్లీ అడుగుకు పోతోంది. ఇది ఎలా బతుకుతోంది? నిషేధించిన క్యాట్‌ఫిష్ ఇదేనా?
– ఒక రైతు, కృష్ణా జిల్లా

జవాబు: మీ చేప పైకి వచ్చేది గాలి పీల్చుకోవడానికే. మార్పుకు మామూలు మొప్పలతో పాటు, వాటికి పైన తలలో రెండు పక్కలా ఒక్కో గది ఉంటుంది. ఆ గదిలో మొప్పల వంపుల నుంచి పుట్టి, చిన్న చెట్టులా కొమ్మలు వేసిన మెత్తని అవయవం నిండా రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి కనుక, నోటితో మింగిన గాలిలోని ఆక్సిజన్ అక్కడే నేరుగా రక్తంలో కలుస్తుంది. ఆక్సిజన్ బాగా ఉన్న నీటిలో ఉన్నా ఇది తనకు కావలసిన ఆక్సిజన్‌లో సగానికి మించి గాలి నుంచే తీసుకుంటుందని ప్రయోగాల్లో తేలింది. బొగ్గుపులుసు వాయువు మాత్రం ఎక్కువగా మొప్పల ద్వారా, చర్మం ద్వారా నీటిలోకే పోతుంది. అందువల్ల గాలి పీల్చగలిగినా దానికి తడి తప్పనిసరి. పొలుసులు లేని ఒంటి మీది జిగురు ఆరనంతసేపే, రొమ్ము రెక్కల ముళ్లను నేలకు ఆనించి, ఒళ్లు మెలితిప్పుకుంటూ అది గట్టు దాటగలదు. ఆ ముళ్లు గుచ్చుకుంటే చాలా నొప్పి పుడుతుంది, జాగ్రత్తగా పట్టుకోండి.

వేసవిలో బురదలో దాగి, వానలు పడగానే కొత్త నీరు చేరిన మళ్లలోకి గుడ్లు పెట్టడానికి వస్తుంది. గట్టు పక్కన గడ్డి ఉన్న లోతులేని చోట గుంట చేసుకుంటుంది. గడ్డి వేళ్లకు అంటుకున్న గుడ్లకు మగచేప కాపలా ఉంటుంది. ఇంత శ్రద్ధగా పిల్లలను సాకే ఈ చేప తరిగిపోతుండటం నిజంగా బాధాకరం. హామిల్టన్ అనే శాస్త్రవేత్త 1822లో గంగా పరీవాహక చేపల్లో వర్ణించిన ఈ జాతి, అంటే క్లారియస్ మాగుర్, నేడు అంతర్జాతీయ ఎర్ర జాబితాలో అంతరించే ప్రమాదమున్న వాటిలో ఉంది. హేచరీల్లో పిల్లను తీయడమూ సులభం కాదు: మగచేప పొట్ట నొక్కితే వీర్యం రాదు కాబట్టి, దాన్ని చంపి వృషణాలు తీసి, సూదిమందు ఇచ్చిన ఆడచేప గుడ్లతో కలుపుతారు.

నిషేధించినది దీని ఆఫ్రికా బంధువు, క్లారియస్ గారీపైనస్. మీటరుకు పైగా పెరిగి, ఎదురైన స్థానిక చేపలను తినేసే దాని పెంపకాన్ని కేంద్రం 2000లో నిషేధించింది. చిన్నప్పుడు రెండూ ఒకేలా కనబడతాయి కనుక, మీ చేపను మత్స్యశాఖ వారికి చూపించేదాకా ఏ చెరువులోనూ వదలకండి. దేశవాళీదని తేలితే, పట్టుకున్న చేలోనే, పురుగుమందు పడని మూల చూసి, సాయంత్రం వేళ వదిలిపెట్టండి. దాని గుడ్ల కాలం ఇదే.