అడ్డు ఉంటే అతిమూత్రం ఎలా?

సందేహం: మా మనవడికి ఆరేళ్లు. పుట్టుకతో మూత్రమార్గంలో పొర అడ్డుంటే పసితనంలోనే ఆపరేషన్ చేసి తీశారు. ఇప్పటికీ చెంబులకొద్దీ నీళ్లు తాగుతాడు, మాటిమాటికీ ఒంటికి వెళ్తాడు. 'మూత్రమార్గంలో అడ్డు వల్ల వచ్చిన డయాబెటిస్ ఇన్సిపిడస్' అన్నారు డాక్టరుగారు. దీన్ని మధుమేహం అనవచ్చా? అడ్డుంటే మూత్రం తగ్గాలి గానీ ఎక్కువెలా అవుతుంది? ఆ వాక్యం సరైనదేనా? బడికి ఏమని రాసివ్వాలి?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

సమాధానం: అమ్మా, మధుమేహం అని మాత్రం ఎక్కడా రాయకండి. మధువు అంటే తేనె. మూత్రంలో చక్కెర పోయే జబ్బుకే ఆ పేరు చెల్లుతుంది. ఈ జబ్బులో మూత్రంలో చక్కెర పోదు, రక్తంలోనూ పెరగదు. డయాబెటిస్ అనే గ్రీకు మాటకు 'దాటిపోవడం' అని భావం. ఇన్సిపిడస్ అంటే లాటిన్‌లో 'రుచి లేనిది'. మధుమేహంలోనూ ఈ జబ్బులోనూ మూత్రం అతిగా పోతుంది, పోలిక అంతవరకే. పేరు చూసి షుగర్ అనుకోవడం వల్ల రోగులకు హాని జరుగుతోందని 2022లో వివిధ దేశాల వైద్య నిపుణులు పేరే మార్చాలన్నారు. మీ మనవడికి ఉన్న రకానికి వాళ్లు పెట్టిన పేరు 'ఆర్జినైన్ వాసోప్రెసిన్ రెసిస్టెన్స్'.

చరక సంహితలో 'ఉదకమేహం' ఉంది. నీళ్లలా తేటగా, వాసన లేకుండా ఎక్కువగా పోయే మూత్రాన్ని అలా అన్నారు. మంచి మాటే. కానీ మేహం అనగానే ఊళ్లలో సుఖవ్యాధి అనుకునేవాళ్లున్నారు. పసివాడికి ఆ పేరు పెట్టడానికి నాకు మనసొప్పదు. ఉత్త 'అతిమూత్ర వ్యాధి' అందామంటే పాత పుస్తకాల్లో అది చక్కెర జబ్బు పేరు. అందుకని 'చక్కెర లేని అతిమూత్ర వ్యాధి' అనండి. కాస్త పొడుగైనా అపార్థానికి చోటుండదు.

డాక్టరుగారి వాక్యంలో తప్పేమీ లేదు. అడ్డు అంటే పూర్తిగా మూసుకుపోవడమే కానక్కర్లేదు. మగపిల్లల్లోనే వచ్చే ఈ పొరల వల్ల కొంత మూత్రం బయటికి పోతున్నా, లోపల ఒత్తిడి పెరిగి కిడ్నీల దాకా తన్నుతుంది. నీటిని వెనక్కి పీల్చుకోమని మెదడు నుంచి వాసోప్రెసిన్ అనే హార్మోన్ వస్తుంది. ఒత్తిడికి దెబ్బతిన్న కిడ్నీ గొట్టాలు ఆ మాట వినవు. నీటిని లోపలికి రానిచ్చే ఆక్వాపోరిన్-2 అనే ప్రోటీన్ కూడా వాటిలో తగ్గిపోతుంది. అడ్డు తీసేసినా కొందరు పిల్లల్లో ఈ లోపం మిగిలిపోతుంది.

అయితే ఈ 'వల్ల' తిరగబడే సందర్భమూ ఉంది. పుట్టుకతోనే కిడ్నీలు వాసోప్రెసిన్‌కు స్పందించని పిల్లల్లో, ఏ అడ్డూ లేకపోయినా మూత్రం ధాటికి మూత్రాశయం, కిడ్నీలు ఉబ్బవచ్చు. స్కాన్‌లో 'ఉబ్బింది' అని ఉంటే 'అడ్డుంది' అని చదువుకోకూడదు. ఏది ఏ 'వల్ల' వచ్చిందో డాక్టరు పరీక్షించి తేల్చాల్సిందే.

మన వైపు కిడ్నీ మాట వింటే చాలు, ఉద్దానం గుర్తొచ్చి టెన్షన్ పడతారు. అక్కడిది ఎక్కువగా పెద్దవాళ్ల కిడ్నీలను మెల్లగా దెబ్బతీసే వేరే జబ్బు.

బడికి ఇలా రాసివ్వండి: "మా అబ్బాయికి చక్కెర లేని అతిమూత్ర వ్యాధి ఉంది. ఇది షుగర్ కాదు. వాడి కిడ్నీలు నీటిని నిలుపుకోలేవు. దాహమైనప్పుడల్లా నీళ్లు తాగనివ్వండి, ఒంటికి వెళ్తానంటే ఆపకండి. వాంతులు, విరేచనాలు, జ్వరం, మగత కనిపించినా, నీళ్లు తాగలేకపోతున్నా వెంటనే మాకు ఫోన్ చేయండి."