మేడ మీద స్నానం, కింద గదిలో చెమ్మ

ప్రశ్న: మాది తెనాలి. పన్నెండేళ్ల కిందట కట్టుకున్న మేడ ఇల్లు. పై అంతస్తులో స్నానాలగది, సరిగ్గా దాని కింద మా పడకగది ఉన్నాయి. పైన షవర్ వాడిన రోజు సాయంత్రానికి కింద కప్పు మీద పళ్లెమంత చెమ్మ మచ్చ కనబడుతోంది. బకెట్ నీళ్లతో స్నానం చేసిన రోజుల్లో అంతగా కనబడదు. పోయిన వానాకాలం నుంచి రంగు పొరలుగా లేచి, పెచ్చులు కూడా రాలుతున్నాయి. ఒక మేస్త్రీ టైల్స్ అన్నీ పగలగొట్టాలంటున్నారు. మరొకరు టైల్స్ పైన రసాయనం పూస్తే చాలంటున్నారు. కింద కప్పుకే వాటర్‌ప్రూఫింగ్ పూయించమని బంధువులు అంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, నీరు ఏ దారిన దిగుతోందో తేలేవరకు ఈ మూడింటిలో ఏ పనీ మొదలుపెట్టించకండి. స్నానాలగది నుంచి నీరు కిందికి దిగడానికి సాధారణంగా నాలుగు దారులుంటాయి: గోడలో దాగిన నీటి పైపు, కుళాయి నుంచి షవర్‌కు ఎక్కే పైపు, టైల్స్ సందులు, నేలలో నీరు బయటికి పోయే నహానీ ట్రాప్. కింద కనబడే మచ్చ నాలుగింటికీ ఒకేలా ఉంటుంది కాబట్టి మచ్చను చూసి చెప్పే తీర్పు ఊహే అవుతుంది.

ముందుగా మచ్చ అంచు వెంబడి పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ రాయండి. మచ్చకు దగ్గరలో ఫ్యానో, లైటో ఉంటే ఆ లైనును ఎంసీబీ (మెయిన్ బోర్డులోని కరెంటు స్విచ్) దగ్గరే ఆపివేయించండి; ఈ ఒక్క విషయంలో ఆలస్యం వద్దు. తరువాత ఒక వారం పై స్నానాలగదిని ఎవరూ వాడకుండా తాళం వేయండి. ఒక్క రోజు సరిపోదు. మీ పడకగది కప్పు ఆ స్నానాలగది మేరకు అడుగు కిందికి దిగి ఉంటే, అక్కడ శ్లాబును పల్లంగా పోసి, పైపులు పరచి, ఇటుక ముక్కలతో నింపి, ఆ పైన టైల్స్ వేశారని అర్థం. ఆ నింపుడు స్పాంజిలా నీటిని పీల్చుకుని, వాడకం ఆగిన తరువాత కూడా రోజుల తరబడి వదులుతూనే ఉంటుంది. నేడు కారే చుక్క నేటి స్నానానిదే అనుకుని ఎందరో పొరబడతారు. వారం గడిచాక కూడా మచ్చ గీత దాటి పెరుగుతుంటే, ఎప్పుడూ నీటితో నిండి ఉండే గోడ పైపును అనుమానించాలి. ఎండుతుంటే అది కాదు.

కప్పు ఎండిన తరువాత, నేల తడవకుండా ఒక గొట్టాన్ని నేరుగా ట్రాప్ నోట్లోకి దించి, పది బకెట్ల నీటిని వదలండి. కింద చెమ్మ వస్తే ట్రాపో, దానికి తగిలించిన పైపు అతుకో చెడినట్టే. రాకపోతే ప్లాస్టిక్ కాగితం చుట్టిన గుడ్డతో ట్రాప్ నోరు గట్టిగా బిగించి, నేల మీద అంగుళం మేర నీరు నిలిపి, అందులో బట్టల నీలిమందు కలిపి 24 గంటలు వదిలేయండి. కింద నీలి మరక కనబడితే టైల్స్ సందులనో, ట్రాప్ చుట్టూ ఉన్న అంచునో అనుమానించాలి. చివరగా షవర్ నీరు చుక్క కూడా నేల మీద పడకుండా బకెట్లలో పట్టి చూడండి. షవర్‌కు ఎక్కే పైపులో నీరు షవర్ తిప్పినప్పుడే నిండుతుంది కనుక, మీరు చెప్పిన లక్షణానికి అదీ కారణం కావచ్చు. పరీక్షకూ పరీక్షకూ నడుమ కప్పు ఎండేదాకా ఆగితేనే ఫలితాన్ని నమ్మవచ్చు.

అయినా ఈ వయసు ఇళ్లలో నేను మొదట చూసే చోటు ట్రాప్ అంచే. పీవీసీ నున్నగా ఉంటుంది. సిమెంటు దాన్ని అంటిపెట్టుకోదు. కట్టినప్పుడు కలిసినట్టే కనబడినా, కొన్నేళ్లకు రెండింటి మధ్య వెంట్రుకంత సందు ఏర్పడుతుంది. ట్రాప్ మీది జల్లెడ మూత కింద వెంట్రుకలు, సబ్బు పేరుకుని నీరు నెమ్మదిగా పోతుంటే, షవర్ ధార ట్రాప్ అంచు దాకా నిలిచి ఆ సందులోకి దిగుతుంది. బకెట్ స్నానానికి అంత నీరు నిలవదు. కాబట్టి జల్లెడ తీసి శుభ్రం చేయడం మీరు ఈరోజే చేయగలిగిన పని.

లోపం అక్కడే అని తేలితే గదంతా పగలగొట్టనక్కర్లేదు. ట్రాప్ చుట్టూ అడుగు చదరం మేర టైల్స్‌ను గ్రైండర్‌తో గీత పెట్టి కోయించి, సుత్తి దెబ్బలు పైపుకు తగలకుండా పాత సిమెంటు తీయించండి. బయటపడిన నింపుడు తడిగా ఉంటే పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద మూసేస్తే ఆ నీరే మళ్లీ కిందికి వస్తుంది. ట్రాప్ అంచును గరుకు కాగితంతో రుద్ది, పైపులు అతికించే సాల్వెంట్ సిమెంట్ పూసి, అది ఆరకముందే గరుకు ఇసుక చల్లించండి. ఆరిన తరువాత ఆ ఇసుక పొరను సిమెంటు గట్టిగా పట్టుకుంటుంది. చాలామంది మేస్త్రీలు వదిలేసే పని ఇదే. దగ్గర నిలబడి చేయించండి. చుట్టూ నాన్‌ష్రింక్ గ్రౌట్ (ఆరినా కుంచించుకుపోని సిమెంటు మిశ్రమం) నింపి, దాని మీద ఫైబర్ జాలీ పరచి, పాలిమర్ వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు, ట్రాప్ లోపలి అంచు దాకా వచ్చేటట్టు వేయించాలి. అది ఆరాక మళ్లీ 24 గంటలు నీరు నిలిపి, కింద పొడిగా ఉంటేనే టైల్ వేయనివ్వండి. నేల ట్రాప్ వైపు అయిదడుగులకు ముప్పావు అంగుళమైనా వాలు ఉండాలి.

ట్రాప్ కాక టైల్స్ సందులే కారణమైతే, సందుల్లోని పాత గ్రౌట్‌ను గీకించి, నీటిని పీల్చని ఎపాక్సీ గ్రౌట్ (రెసిన్ మిశ్రమం) నింపించండి. గీకకుండా పైన పూసే రసాయనం నిలవదు. మీరు నేల కడగడానికి యాసిడ్ వాడుతుంటే ఇక మానేయండి. మరకతోపాటు సందుల్లోని సిమెంటునూ అది తినేస్తుంది. నింపుడులోని పైపు అతుకే విడిపోయి ఉంటే మాత్రం ఆ పైపు దారి వెంట నేల తవ్వక తప్పదు.

కింద కప్పుకు పూత పూయించే ఆలోచన వదులుకోండి. పైనుంచి వచ్చే నీటిని కింద బిగిస్తే అది శ్లాబులోనే నిలిచి, లోపలి ఇనుప చువ్వలను తుప్పు పట్టిస్తుంది. పెచ్చులు ఊడిన చోట చువ్వ ఎర్రగా కనబడితే ఇంజనీరుకు చూపించాలి. పై పని పూర్తయ్యాక మీరు గీసిన పెన్సిల్ గీత లోపల కప్పు పూర్తిగా ఆరడానికి కొన్ని వారాలు పడుతుంది. అప్పుడే పెచ్చులు రాల్చి, మామూలు సిమెంటు ప్లాస్టరు వేసి, రంగు వేయించుకోండి.