మందు మానిన మూడో రోజు జాగ్రత్త

అమ్మా సునీతా,

అల్లుడు మాల వేసుకున్నాడని, నిన్నటి నుంచి చుక్క ముట్టలేదని చెప్పావు. నాకూ సంతోషమే. కానీ ఏళ్ల తరబడి పొద్దున లేస్తూనే తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రాణం మీదికి రావచ్చు. నర్సుగా వార్డులో కళ్లారా చూసినదాన్ని, అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నా.

ముందు చేతులు వణుకుతాయి, టీ గ్లాసు నోటిదాకా రాకముందే సగం ఒలికిపోతుంది. చెమటలు, వాంతులు, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు, మూడు రోజులు గడిచాక కొందరు ఒంటిమీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటారు, లేని మనిషితో మాట్లాడతారు, ఎక్కడున్నారో చెప్పలేరు. గాలి సోకిందనో, దీక్షలో అపచారం జరిగిందనో చుట్టుపక్కలవాళ్లు అంటారు. వినకు. మందుకు అలవాటుపడ్డ మెదడు అది అందక అలా తిరగబడుతుంది. వెంటనే 108కి ఫోన్ చెయ్యి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టు. చేతిలో తాళాలు పెట్టొద్దు, నోట్లో చెంచా పెట్టొద్దు, నీళ్లు పోయొద్దు.

నీరసంగా ఉన్నాడని ఊళ్లో ఆర్‌ఎంపీతో గ్లూకోజ్ ఎక్కించొద్దు. రోజూ తాగేవాళ్ల ఒంట్లో బీ1 విటమిన్ తక్కువగా ఉంటుంది. అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే మెదడుకే దెబ్బ. ఇంట్లో ఉన్న నిద్రమాత్ర కూడా నీ అంతట నువ్వు వెయ్యొద్దు.

అసలు అంతదాకా రానివ్వకు. వణుకు మొదలైతే ఇవాళే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లు. డీఅడిక్షన్ సెంటర్ సంగతి తర్వాత, ముందు ప్రాణం నిలబడాలి. మందులు వేసుకుంటే దీక్షకు భంగమని భయపడితే గురుస్వామితోనే చెప్పించు.

డాక్టరు దగ్గర పరువు చూసుకోకు. రోజుకు ఎంత తాగేవాడు, ఆఖరిసారి ఎప్పుడు, అన్నీ ఉన్నదున్నట్టు చెప్పు. కల్లు తాగేవాడైతే తప్పకుండా చెప్పు. కల్తీ కల్లులో ఆల్ప్రాజోలం లాంటి నిద్రమందులు కలుపుతారు, అవి ఆగినా ఫిట్స్ వస్తాయి.

చచ్చిపోతానంటే బెదిరింపు అనుకోవద్దు. ఒంటరిగా వదలకు, పురుగుమందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయించు. 14416కి ఫోన్ చెయ్యి. అది టెలిమానస్, మానసిక బాధల్లో ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్. పగలూ రాత్రీ ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. ఇప్పటికే ఏదైనా తాగేసి ఉంటే మాత్రం 108కే చెయ్యి, వాంతి చేయించొద్దు, ఆ డబ్బా వెంట తీసుకెళ్లు. కేసవుతుందని దాచొద్దు. అలాంటి మనిషిని శిక్షించకూడదు, వైద్యం అందించాలి అని 2017 మానసిక ఆరోగ్య చట్టమే చెబుతోంది.

ఆధార్, పాత మందుల చీటీలు ఒక సంచిలో పెట్టి ఉంచు. రాత్రి ఎంత పొద్దుపోయినా నాకు ఫోన్ చెయ్యి, మీ పెదనాన్న, నేను నేరుగా ఆసుపత్రికే వస్తాం.

మీ పెద్దమ్మ